మూత్రంలో సుద్ద.. గుండెకూ హెచ్చరికే!

మూత్రంలో సుద్ద పోతోందనగానే అందరికీ కిడ్నీలే గుర్తుకొస్తాయి. గుండె గురించి ఆలోచించేవారు చాలా తక్కువ. నిజానికి మధుమేహం, హైబీపీ గలవారి మూత్రంలో సుద్ద కనిపించటం మొదలైతే కిడ్నీలతో పాటు గుండె కూడా ఒత్తిడిలో ఉందేమోనని అనుమానించాలి. ఇది సూది గుచ్చే పనిలేని పరీక్ష. ఖర్చూ తక్కువే. చిన్న ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేస్తారు. అయినా రిపోర్టులో ఆ ఒక్క వరసను చాలామంది చూడకుండానే మడిచి పెట్టేస్తుంటారు. ఇంతకీ సుద్దకు, గుండెకు సంబంధమేంటి? దీంతో గుండె వైఫల్యాన్ని ఎంతవరకు పసిగట్టొచ్చు? ఎక్కడ దీన్ని నమ్ముకోకూడదు?

ఆమెకు 57 ఏళ్లు. చిన్న టిఫిన్ బండి నడుపుతారు. 11 ఏళ్లుగా మధుమేహం, ఆరేడేళ్లుగా హైబీపీ ఉన్నాయి. కొడుకు వెంటబెట్టుకొని మా ఓపీకి తీసుకొచ్చాడు. రెండు కాళ్లూ వాచిపోయి చెప్పులు పట్టటం లేదు. ‘‘పిండి గిన్నె ఎత్తి బండి మీద పెట్టేసరికి ఆయాసం వచ్చేస్తోందండీ. రాత్రుళ్లు వెల్లకిలా పడుకోలేకపోతున్నా. గోడకు ఆనుకొని కూర్చుంటే గానీ ఊపిరాడటం లేదు’’ అన్నారామె. కొడుకు భయం వేరు. ‘‘అమ్మకు కిడ్నీలు పోయాయా డాక్టరు గారూ? డయాలసిస్ చేయించాలా?’’ అని అడిగాడు. కాళ్లు వాచాయంటే కిడ్నీలు పాడైనట్టేనని ఎవరో చెప్పారట.

పరీక్ష చేయిస్తే మూత్రంలో సుద్ద రెండు ప్లస్ ఉంది. కానీ రక్తంలో క్రియాటినైన్ 1.1 మాత్రమే. కిడ్నీల వడపోత ఇంత వాపు తెచ్చేంతగా దెబ్బతినలేదు. మరి ఈ నీరు, ఆయాసం ఎక్కణ్నుంచి వచ్చాయి? మెడ దగ్గర సిరలు ఉబ్బి ఉన్నాయి. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగున చిటపటమనే శబ్దాలు వినిపించాయి. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష ఫలితం బాగా ఎక్కువగా వచ్చింది. ఎకోలో గుండె పంపింగ్ 55 శాతం. చూడటానికి మామూలుగానే ఉంది. కానీ గుండె గోడలు మందమై, బిరుసెక్కాయి. ఎడమ పైగది పెద్దదైంది. ఆమెది గుండె వైఫల్యం.

మందులు రాసేటప్పుడు ఆమె పాత కాగితాలు తిరగేశాను. రెండేళ్ల కిందటి ల్యాబు చీటీ ఒకటి కనిపించింది. అందులో ‘అల్బుమిన్: ఒక ప్లస్’ అని ఉంది. దానికి పిన్ను చేసిన ఓపీ చీటీ మీద చేతిరాత నాదే. ఆ రోజు చక్కెర ఎక్కువుందని మాత్ర మోతాదు పెంచాను. సుద్ద గురించి ఒక్క ముక్క రాయలేదు. మళ్లీ పరీక్ష చేయించుకోమనీ చెప్పలేదు. ఓపీ గది బయట జనం బారులు తీరి ఉండి ఉంటారు. కానీ అది ఆమెకు చెప్పే జవాబు కాదు. ఆ రోజే పట్టించుకొని ఉంటే గుండె వైఫల్యం వచ్చేదే కాదని కచ్చితంగా చెప్పలేను. గుండెను, కిడ్నీలను కాపాడే మందులు మాత్రం రెండేళ్ల ముందే మొదలయ్యేవి. ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ చీటీయే.

గుండె ఆగిపోవటం కాదు

గుండె వైఫల్యం అనగానే గుండె ఆగిపోయిందని కంగారు పడుతుంటారు. ఇది అది కాదు. గుండెపోటూ కాదు. ఒంటికి కావాల్సినంత రక్తాన్ని గుండె సరిగా అందించలేకపోవటం, లేదా అందించటానికి లోపల ఒత్తిడి విపరీతంగా పెరగాల్సి రావటం గుండె వైఫల్యం. ఇది ప్రధానంగా రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి- గుండె కండరం బలహీనపడి గట్టిగా పిండలేకపోవటం. ఇందులో పంపింగ్ సామర్థ్యం 40 శాతం, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. గుండెపోటు వచ్చినవారిలో ఎక్కువగా చూసేది ఇదే. రెండోది- గుండె గట్టిగానే పిండుతుంది గానీ బిరుసెక్కటం వల్ల సరిగా వదులు కాదు. దీంతో లోపలికి రక్తం సాఫీగా చేరదు. ఇందులో పంపింగ్ 50 శాతం, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 41-49 శాతం మధ్యలో ఉండేవారూ ఉంటారు.

చిక్కంతా రెండో రకంతోనే. వయసు మీద పడినవారిలో, మధుమేహం, హైబీపీ, ఊబకాయం గలవారిలో, ముఖ్యంగా మహిళల్లో ఇది ఎక్కువ. ‘పంపింగ్ బాగానే ఉంది’ అన్న మాట విని గుండెకేమీ కాలేదని ఇంటికెళ్లిపోతుంటారు. ఆయాసాన్ని వయసు మీదికి, బరువు మీదికి, గ్యాస్ మీదికి నెట్టేస్తుంటారు. సరిగ్గా ఇలాంటివారిలోనే మూత్రంలోని సుద్ద మనకు దారి చూపుతుంది.

గుండెకు, కిడ్నీకి విడదీయలేని పొత్తు

మన రెండు కిడ్నీల బరువు కలిపినా సుమారు 300 గ్రాములే. కానీ గుండె పంపే రక్తంలో ఇంచుమించు ఐదో వంతు వీటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల సూక్ష్మ వడపోత యూనిట్లుంటాయి. ఇవన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్లిపోతుంది. చివరికి మూత్రంగా బయటకొచ్చేది లీటరున్నర, రెండు లీటర్లే. ఇంత పని జరగాలంటే రక్తం తగినంత ఒత్తిడితో రావాలి, పని అయ్యాక సాఫీగా వెనక్కి పోవాలి. ఈ రెండూ గుండె చేతిలోనే ఉన్నాయి.

గుండె బలహీనపడితే కిడ్నీలకు రక్తం రాక తగ్గుతుంది. దీన్ని కిడ్నీలు ఒంట్లో నీరు తగ్గిపోయిందని పొరపాటుగా అర్థం చేసుకొని, ఉప్పును, నీటిని పట్టి ఉంచటం మొదలెడతాయి. అప్పటికే అలసిన గుండె మీద ఇది మరింత భారం మోపుతుంది. మరోవైపు గుండెకు చేరాల్సిన రక్తం సిరల్లో నిలిచిపోతుంది. కాలువ దిగువన అడ్డు పడితే ఎగువన నీళ్లు ఎగదన్నినట్టు ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది.

గుండె కూడా ఊరికే కూర్చోదు. 1981లో కెనడా శాస్త్రవేత్త అడాల్ఫో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుకల గుండె పైగదుల నుంచి తీసిన సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కించారు. కొద్దిసేపట్లోనే వాటి మూత్రం, మూత్రంలో పోయే ఉప్పు బాగా పెరిగాయి. అంటే ‘ఉప్పును, నీటిని బయటికి పంపించు’ అని కిడ్నీకి చెప్పే హార్మోన్‌ను గుండే తయారుచేస్తోందన్నమాట. 1988లో జపాన్ పరిశోధకులు పంది మెదడులో ఇలాంటిదే మరో హార్మోన్‌ను కనుగొన్నారు. దానికి బీఎన్‌పీ అని పేరు. అది ప్రధానంగా తయారయ్యేది గుండె కింది గదుల్లోనేనని తర్వాత తేలింది. గుండె గోడ సాగిపోతున్నకొద్దీ ఇది రక్తంలో పెరుగుతుంది. ఈ హార్మోన్ తయారయ్యేటప్పుడు విడివడే ముక్కనే మనం ఇప్పుడు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్షతో కొలుస్తున్నాం.

సుద్ద ఎందుకు పోతుంది?

మనం సుద్ద అని పిలిచేది అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను. రక్తంలోని ద్రవం నాళాల్లోంచి బయటికి ఊరిపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఆరోగ్యవంతుల్లో కిడ్నీ జల్లెడ దీన్ని దాటనివ్వదు. రోజుకు 30 మిల్లీగ్రాముల లోపే మూత్రంలో పోతుంది. అంతకన్నా ఎక్కువ పోతోందంటే జల్లెడ మీద ఒత్తిడి పెరిగిందని గానీ, దాని పొరలు దెబ్బతిన్నాయని గానీ అర్థం.

మధుమేహం, హైబీపీ దీర్ఘకాలం కొనసాగితే రక్తనాళాల లోపలి పలుచటి పొర దెబ్బతింటుంది. ఇది కిడ్నీలో ఒక్కచోటే జరిగేది కాదు. గుండె కండరానికి రక్తాన్నిచ్చే సన్నటి నాళాల్లోనూ, కంటి రెటీనాలోనూ ఇదే దెబ్బ. గుండె లోపలి నాళాలను రోజూ చూడలేం. కానీ కిడ్నీలో అదే పొర చిల్లులు పడితే సుద్ద మూత్రంలో కనిపిస్తుంది. అందుకే సుద్దను ఒంట్లోని సన్నటి నాళాల పరిస్థితికి అద్దంగా చూస్తాం. గుండె వైఫల్యం వచ్చాక సిరల్లో ఒత్తిడి, వాపు ప్రక్రియ తోడై ఇది మరింత పెరగొచ్చు.

ఇది కేవలం ఊహ కాదు. గుండెజబ్బు ముప్పు అధికంగా గల 55 ఏళ్లు దాటినవారి మీద జరిగిన హోప్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు 2001లో వెలువడ్డాయి. మొదట్లో వీరికి గుండె వైఫల్యం లేదు. కానీ మూత్రంలో కొద్దిగా సుద్ద పోతున్నవారు తర్వాతి కాలంలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరటం, సుద్ద లేనివారితో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. ఆయాసం, వాపు రావటానికి ముందే మూత్రం హెచ్చరిస్తోందన్నమాట.

కాళ్లు వాచాయి.. గుండెదా? కిడ్నీదా?

వాపుతో వచ్చినవారిలో కారణాన్ని తేల్చుకోవటానికి మూత్ర పరీక్ష చాలా సాయం చేస్తుంది. అయితే దాన్ని లక్షణాలతో కలిపి చూడాలి.

* గుండె కారణమైతే: వాపు సాయంత్రానికి పాదాల్లో, మడమల దగ్గర ఎక్కువవుతుంది. నడిస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు, ఆయాసం, నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవటం ఉంటాయి. మూత్రంలో సుద్ద ఉండకపోవచ్చు, ఉన్నా సాధారణంగా మరీ ఎక్కువగా ఉండదు.

* కిడ్నీ జల్లెడ దెబ్బతింటే: పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ, ముఖం మీద ఉబ్బు కనిపిస్తుంది. మూత్రంలో నురగ ఎక్కువగా ఉంటుంది. సుద్ద మూడు, నాలుగు ప్లస్‌లు ఉండొచ్చు. రక్తంలో అల్బుమిన్ తగ్గుతుంది.

* కాలేయం కారణమైతే: కడుపులో నీరు చేరటం ప్రధానంగా కనిపిస్తుంది. కళ్లు పచ్చబడొచ్చు. మూత్రంలో సుద్ద సాధారణంగా ఉండదు.

* మందులతోనూ: బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించాలి.

ఇవి రెండు మూడు కలగలిసి ఉండటమూ మామూలే. మధుమేహం గలవారిలో గుండె, కిడ్నీ రెండూ దెబ్బతిని ఉండొచ్చు. కాబట్టి సుద్ద కనిపించిందని జబ్బంతా కిడ్నీల ఖాతాలో వేసేయకూడదు. గుండెనూ చూడాలి.

ఒక ప్లస్ అంటే ఎంత?

మామూలుగా చేసేది పుల్ల పరీక్ష. రసాయనం అద్దిన కాగితపు పట్టీని మూత్రంలో ముంచి, రంగు ఎంత మారిందో చూసి ట్రేస్, ఒక ప్లస్, రెండు ప్లస్‌లు.. ఇలా రాస్తారు. ఒక ప్లస్ అంటే డెసిలీటరు మూత్రంలో సుమారు 30 మిల్లీగ్రాముల సుద్ద అనుకోవచ్చు. కానీ దీంతో ఒక చిక్కుంది. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలుచబడి సుద్ద తక్కువగా కనిపిస్తుంది. నీళ్లు తాగకపోతే చిక్కబడి ఎక్కువగా కనిపిస్తుంది. తొలిదశలో పోయే కొద్దిపాటి సుద్దను ఈ పట్టీ పట్టుకోలేకపోవచ్చు.

అందుకే మూత్రంలో అల్బుమిన్-క్రియాటినైన్ నిష్పత్తిని చూడటం మేలు. దీన్నే ల్యాబుల్లో ఏసీఆర్ అంటారు. మూత్రం చిక్కగా ఉన్నా, పలుచగా ఉన్నా ఫలితం పెద్దగా తేడా పడదు. 24 గంటల పాటు మూత్రాన్ని డబ్బాలో పట్టాల్సిన పనీ ఉండదు. ఫలితం గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపుంటే మామూలు. 30-300 మధ్య ఉంటే సుద్ద కొద్దిగా పెరిగినట్టు. 300 దాటితే బాగా పెరిగినట్టు.

పొద్దున లేవగానే పోసే మూత్రాన్ని ఇవ్వటం మంచిది. మొదట కాస్త వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, బాగా కష్టపడి పనిచేసిన లేదా వ్యాయామం చేసిన మర్నాడు పరీక్ష వద్దు. చక్కెర, బీపీ విపరీతంగా పెరిగి ఉన్నప్పుడూ సుద్ద తాత్కాలికంగా పెరగొచ్చు. కాబట్టి ఒక్కసారి ఎక్కువగా వచ్చిందని కంగారు పడొద్దు. అలాగని వదిలేయనూ వద్దు. 3-6 నెలల్లో మూడుసార్లు పరీక్షిస్తే రెండుసార్లయినా ఎక్కువగా ఉంటే నిజంగానే సుద్ద పోతోందని నిర్ధారిస్తాం.

దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు

సుద్ద ఉన్నంత మాత్రాన గుండె వైఫల్యం ఉన్నట్టు కాదు. లేనంత మాత్రాన గుండె భేషుగ్గా ఉన్నట్టూ కాదు. ఇది మరీ ముఖ్యం. ఇప్పటికే గుండె వైఫల్యం గలవారి మూత్రాన్ని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2009లో లాన్సెట్‌లో అచ్చయింది. వారిలో నూటికి 30 మందిలో సుద్ద కొద్దిగా, 11 మందిలో బాగా ఎక్కువగా ఉంది. అంటే సగానికి పైగా బాధితుల మూత్రంలో సుద్ద లేనేలేదు. సుద్ద పోతున్నవారికి మాత్రం మళ్లీ ఆసుపత్రిలో చేరే ముప్పు, మరణం ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మధుమేహం లేనివారిలోనూ, క్రియాటినైన్ బాగున్నవారిలోనూ ఇది కనిపించింది.

కిడ్నీ విషయంలోనూ ఇంతే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో సుద్ద పెద్దగా పోకుండానే కిడ్నీలు క్షీణిస్తుంటాయి. అక్కడ ‘సుద్ద లేదు’ అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. క్రియాటినైన్ కూడా చూసుకోవాలి.

కాబట్టి గుండె వైఫల్యాన్ని నిర్ధారించేది లక్షణాలు, డాక్టర్ పరీక్ష, ఈసీజీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఎకో కలిసే. ఓపీకి నడిచి వచ్చినవారిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125 కన్నా తక్కువుంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువ. అయితే లావుగా ఉన్నవారిలో ఇది తక్కువగా చూపించొచ్చు. వయసు పైబడినవారిలో, కిడ్నీ జబ్బు గలవారిలో, గుండె లయ తప్పినవారిలో ఎక్కువగా చూపిస్తుంది. ఏ పరీక్షకైనా పరిమితులుంటాయి. వాటన్నింటినీ కలిపి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

కొల్లాజెన్ ముక్కల మీద పరిశోధన

మూత్రంలో సుద్ద ఒక్కటే కాదు, వేలాది చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలూ ఉంటాయి. వీటిలో చాలావరకు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌వి. చర్మం, ఎముకలు, రక్తనాళాలు, గుండె.. అన్నింటిలోనూ కణాలను కలిపి ఉంచే నారలాంటి పదార్థమిది. గుండె బిరుసెక్కుతున్నప్పుడు ఈ నార ఎక్కువగా పేరుకుంటుంది. పాతది విరగటం, కొత్తది తయారు కావటం గాడి తప్పుతుంది. దీంతో మూత్రంలో కనిపించే కొల్లాజెన్ ముక్కల తీరు కూడా మారిపోతుంది.

దీన్ని ఆధారం చేసుకొని బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు 2012లో ఒక ప్రయత్నం చేశారు. హైబీపీతో పాటు గుండె సరిగా వదులు కాని సమస్య గలవారి మూత్రాన్ని, ఆరోగ్యవంతుల మూత్రంతో పోల్చి చూశారు. తేడాగా ఉన్న 85 ప్రొటీన్ ముక్కలను గుర్తించి, వాటన్నింటినీ కలిపి ఒక స్కోరుగా రూపొందించారు. పంపింగ్ తగ్గిన గుండె వైఫల్యంలోనూ ఇలాంటి పరిశోధనలు సాగుతున్నాయి. ఇందులో కొత్త సంగతేంటంటే- ఒక్క పదార్థాన్ని కాకుండా పదుల కొద్దీ ముక్కల కలయికను చూడటం. వేలిముద్రలో ఒక్క గీత చూస్తే మనిషిని పోల్చుకోలేం గానీ మొత్తం చూస్తే పోల్చుకోగలం కదా. ఇదీ అంతే.

అయితే వీటికి చాలా ఖరీదైన యంత్రాలు కావాలి. కొల్లాజెన్ ఒంటి నిండా ఉంటుంది కాబట్టి ఆ ముక్క గుండెదేనని చెప్పటమూ తేలిక కాదు. అందుకే ఇవి ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. ‘మూత్రంతో గుండెజబ్బు చెప్పేస్తాం’ అంటూ ఎవరైనా ఖరీదైన ప్యాకేజీలు చూపిస్తే ఆ డబ్బును ఏసీఆర్, ఈసీజీ, ఎకోలకు దాచుకోవటం మంచిది.

మూత్రం మరోరకంగానూ ఇప్పటికే వార్డుల్లో ఉపయోగపడుతోంది. గుండె వైఫల్యంతో నీరు పట్టి చేరినవారికి మూత్రం బాగా పోయే ఇంజెక్షన్ ఇచ్చాక 2 గంటలకు మూత్రంలో సోడియం ఎంతుందో చూడొచ్చు. అది 50-70 కన్నా తక్కువుంటే మందు చాలలేదని అర్థం. వెంటనే మోతాదు పెంచుకోవచ్చు. మర్నాటి దాకా ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది.

సుద్ద కనిపిస్తే ఏం చేయాలి?

* బీపీ, చక్కెర అదుపు: బీపీ 130/80 లోపు ఉండేలా చూసుకోవాలి. సుద్ద పోతున్నవారికి బీపీ మందుల్లో రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి రకాలు మేలు. ఇవి సుద్దను తగ్గిస్తాయి. వీటిని మొదలెట్టిన ఒకట్రెండు వారాలకు క్రియాటినైన్, పొటాషియం పరీక్షలు చేయించుకోవాలి. గర్భిణులు వీటిని వాడకూడదు.

* కొత్త మాత్రలు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదట్లో మధుమేహానికి వచ్చిన మందులు. ఇవి గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరే ముప్పును తగ్గిస్తాయి. పంపింగ్ బాగున్న రకంలోనూ పనిచేస్తాయి. కిడ్నీలనూ కాపాడతాయి. చాలా కంపెనీలు తయారుచేస్తుండటంతో ఇప్పుడు ధరలూ తగ్గాయి. వీటిని వాడేవారి మూత్రంలో చక్కెర కనిపించటం మామూలే. అది మందు పనిచేసే తీరు, భయపడొద్దు. జననాంగాల శుభ్రత పాటించాలి. వాంతులు, విరేచనాలు, ఉపవాసం, ఆపరేషన్ వంటి సమయాల్లో డాక్టర్‌ను అడిగి తాత్కాలికంగా ఆపాలి.

* ఫైనరినోన్: టైప్2 మధుమేహంతో పాటు మూత్రంలో సుద్ద పోతున్నవారిలో ఈ మందుతో గుండె వైఫల్యం ముప్పు తగ్గుతున్నట్టు 2021లో వెలువడిన అధ్యయనం చూపింది. ఎవరికి అవసరమో పొటాషియం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

* ఉప్పు: రోజుకు మొత్తమ్మీద ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించొద్దు. కూరలో తగ్గించి ఊరగాయ, అప్పడం, వడియాలు, ఎండుచేపలతో భర్తీ చేస్తే ఫలితముండదు. సోడియం తక్కువనే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీజబ్బు గలవారు, పై మందులు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా వాటిని వాడొద్దు. కొబ్బరినీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

* నొప్పి మాత్రలు: మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి గుండెకూ, కిడ్నీకీ చేటే. సొంతంగా వేసుకోవద్దు.

ఎవరు? ఎప్పుడు చేయించుకోవాలి?

టైప్2 మధుమేహం ఉన్నట్టు తెలిసిన రోజే ఒకసారి, తర్వాత ఏటా ఏసీఆర్, క్రియాటినైన్ చేయించుకోవాలి. టైప్1 గలవారు ఐదేళ్ల తర్వాత నుంచి ఏటా చేయించుకోవాలి. హైబీపీ గలవారు, గుండెపోటు వచ్చినవారు, గుండె వైఫల్యం గలవారు కూడా మొదట్లో ఒకసారి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు పరీక్షించుకోవాలి. ఏసీఆర్ దొరకనిచోట కనీసం పుల్ల పరీక్ష అయినా చేయించుకోవాలి. ఏమీ లేకపోవటం కన్నా అది నయం. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి నమూనాలు తీసుకొని ఉచితంగా పరీక్షించే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలున్నాయి. వాటిలో ఏయే పరీక్షలు చేస్తారో అడిగి తెలుసుకోవాలి.

గర్భిణుల సంగతి వేరు. ఐదో నెల దాటాక బీపీ పెరిగి, సుద్ద పోతుంటే అది గుర్రపువాతం ముప్పుకు సంకేతం కావొచ్చు. ఆలస్యం చేయకూడదు. నెలలు నిండేటప్పుడు గానీ, కాన్పయిన ఐదు నెలల్లోపు గానీ ఆయాసం వస్తే ‘బాలింత కదా, నీరసం’ అనుకోవద్దు. కొందరికి అప్పుడే గుండె కండరం బలహీనపడొచ్చు.

వీటిలో ఏది కనిపించినా సుద్ద పరీక్ష కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి:

* కూర్చున్నా తగ్గని ఆయాసం, ఊపిరాడక నిద్రలోంచి లేవటం
* మూడు రోజుల్లో 2 కిలోలకు పైగా బరువు పెరగటం
* నురగలాంటి గళ్ల, దాంట్లో రక్తపు జీర
* ఛాతీలో నొప్పి, స్పృహ తప్పటం, గుండెదడ
* మూత్రం బాగా తగ్గిపోవటం

టిఫిన్ బండి ఆవిడ వారం రోజులు వార్డులో ఉన్నారు. నీరు తీసేసరికి 6 కిలోల బరువు తగ్గారు. ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తున్నారు. పిండి గిన్నె కొడుకు ఎత్తిపెడుతున్నాడు, దోసెలు మాత్రం ఆమే వేస్తున్నారు. ఆర్నెల్ల తర్వాత చేసిన పరీక్షలో సుద్ద రెండు ప్లస్‌ల నుంచి ఒక ప్లస్‌కు తగ్గింది. పూర్తిగా పోలేదు. గుండె బిరుసుదనమూ పోలేదు. మందులు జీవితాంతం కొనసాగించాల్సిందే.

ఆ రోజు నుంచీ మా ఓపీలో మధుమేహం, హైబీపీ గలవారి మూత్రం రిపోర్టు చేతికొస్తే ముందు అల్బుమిన్ వరస చూస్తున్నాను. ప్లస్ ఉంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఎప్పుడు మళ్లీ చేయించాలో పక్కనే తేదీ వేస్తున్నాను. హడావుడిలో డాక్టర్ ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి. ‘‘నా మూత్రంలో సుద్ద ఎంతుందండీ? పోయినసారి ఎంత ఉంది? గుండె పరీక్ష అవసరమా?’’ అని అడగటం తప్పు కాదు. పాత రిపోర్టులను పారేయకుండా తేదీల వారీగా ఒక సంచిలో పెట్టుకొని, వచ్చిన ప్రతిసారీ వెంట తెచ్చుకోండి.